కొకోష్కా అంటే ఆ బొమ్మ గొడవ ఒక్కటేనా?

రైన్_ఒడ్డున
నిన్న మా పాపని తీసుకుని ఇక్కడ స్విట్జర్లాండ్‌లో బాసెల్ కున్‌స్ట్‌మ్యూజియంకి, అంటే ఆర్ట్ మ్యూజియంకి వెళ్లాను. అక్కడ ఆస్ట్రియా చిత్రకారుడు ఆస్కార్ కొకోష్కా వేసిన ‘విండ్స్‌బ్రౌట్’ అనే పెయింటింగ్ ఉంది, మన మాటల్లో గాలి పెళ్లికూతురు అనుకోండి. 1913-14లో వేసింది, వెడల్పే 220 సెంటీమీటర్లు. ఫోన్‌లో చూసినన్నాళ్లూ ఏదో నీలం గందరగోళంలా ఉండేది, ఎదురుగా నిలబడేసరికి రంగు అంత మందంగా, సుడులు సుడులుగా ఉంటే చెయ్యి పెట్టి తడమాలనిపించింది. సముద్రమో మబ్బో తెలియని దాంట్లో ఇద్దరు పడుకుని ఉంటారు, ఆవిడ ఆయన భుజం మీద తల పెట్టుకుని హాయిగా నిద్రపోతోంది, ఆయన మాత్రం కళ్లు తెరుచుకుని, రెండు చేతుల వేళ్లూ మెలేసుకుని ఎటో చూస్తున్నాడు. మా పాపకి ఏడేళ్లు, అది కాసేపు చూసి "ఈయనకి నిద్ర పట్టట్లేదా అమ్మా?" అంది. నాకు ఒళ్లు జలదరించింది.

ఇంటికొచ్చి తెలుగులో ఈయన గురించి ఏమన్నా ఉందా అని వెతికా. కనపడిన నాలుగిట్లో నాలుగూ ఒకటే కథ, ప్రియురాలు వదిలేస్తే ఆవిడ సైజులో బొమ్మ కుట్టించుకున్న పిచ్చి పెయింటర్. అంతే. తొంభైమూడేళ్లు బతికి, దాదాపు చివరిదాకా బొమ్మలేసిన మనిషికి మిగిలింది ఇదేనా? నిజంగా కోపం వచ్చి రాస్తున్నా. ఆయన పని గురించి తెలిసినవాళ్లు ఎవరన్నా ఉంటే చెప్పండి.

సందేహాలరావు
బొమ్మ కుట్టించుకున్నాడా?? ఎవరికి తెలీదండీ ఆ కథ, నాకైతే తెలీదు, ముందు అది చెప్పండి తర్వాత పని గురించి మాట్లాడుకుందాం

ఓరుగల్లు_పోరడు
చూసినవా అక్కా, మొదటి రిప్లైనే బొమ్మ మీదకు పోయింది 😀

పాలపిట్ట
రావుగారూ టూకీగా. ఆల్మా మాలర్ అని, సంగీతకారుడు గుస్తావ్ మాలర్ భార్య, ఆయన 1911లో పోయాడు. 1912లో కొకోష్కాకి పరిచయం, ఈయనకి 26, ఆవిడ ఏడేళ్లు పెద్ద. నాలుగొందలకి పైగా ఉత్తరాలు రాశాడు. ఆవిడ కడుపు తీయించుకుంది, అది ఈయన జన్మలో మర్చిపోలేదు. ఈయన యుద్ధానికి వెళ్లి ఉన్నప్పుడు, 1915లో, ఆవిడ ఆర్కిటెక్ట్ గ్రోపియస్‌ని పెళ్లి చేసుకుంది. 1918లో మ్యూనిక్‌లో హెర్మీనె మోస్ అనే బొమ్మల పనావిడకి ఆల్మా కొలతలన్నీ రాసి పంపి నిలువెత్తు బొమ్మ ఆర్డరిచ్చాడు. 1919లో అది వచ్చింది, చూస్తే ఒళ్లంతా ఎలుగుబంటి బొచ్చులా ఉంది, ఈయన గుండె జారిపోయింది. చివరికి ఒక పార్టీలో దాని తల తెగ్గొట్టారు, పొద్దున్నే పోలీసులు శవం అనుకుని వచ్చారు. అయిపోయింది కథ. ఇప్పుడు పని గురించి మాట్లాడదామా?

రైన్_ఒడ్డున
థాంక్స్ పాలపిట్టా. కానీ నువ్వు కూడా ఒకటి వదిలేశావు. ఆ బొమ్మని కూర్చోబెట్టి ఆయన వేసిన పెయింటింగులు ఉన్నాయి, 1919 నాటి ‘నీలం బట్టల స్త్రీ’ ఇప్పుడు స్టుట్‌గార్ట్‌లో ఉంది. రంగు పలకలు పలకలుగా, గాజు పెంకుల్లా వెలుగుతుంటాయి. మనిషిలా కుదరని బొచ్చు బొమ్మలోంచి అంత రంగు తీశాడు. మాట్లాడాల్సింది అది కదా.

నల్లసిరా
అమ్మాయ్, నేను చిత్రకారుణ్ణి కాదు, ముప్పైరెండేళ్లు ప్రెస్‌లో పని చేసి రిటైరయ్యాను, అందులో మొదటి ఏడెనిమిదేళ్లు మద్రాసులో లిథో రాళ్ల దగ్గర. కాబట్టి నాకు కొకోష్కా పెయింటర్‌గా కన్నా లిథో మనిషిగా ఎక్కువ తెలుసు. ఆయన మొదటి పెద్ద పనే లిథో పుస్తకం. 1908లో వియన్నాలో ‘వీనర్ వెర్క్‌స్టెటె’ అనే చేతిపనుల సంస్థ వాళ్లు పిల్లల కథల పుస్తకం వేసిపెట్టమంటే, ఇరవైరెండేళ్ల కుర్రాడు ‘కలలుగనే కుర్రాళ్లు’ అని తన సొంత కవితా తనే రాసి, ఎనిమిది రంగుల లిథోలు వేసిచ్చాడు. అది పిల్లలకి చదివి వినిపించే సరుకు కాదు, వయసొస్తున్న మగపిల్లవాడి కలవరం అంతా అందులో ఉంది. 500 కాపీలు అచ్చేశారు, సగం కూడా అమ్ముడుపోలేదు. మిగిలిన 275నీ 1917లో లైప్‌జిగ్ పబ్లిషరు కుర్ట్ వోల్ఫ్ తీసుకుని మళ్లీ బయటికి తెచ్చాడు. ఆ బొమ్మల్లో గీతలు చూడండి, మందంగా నల్లగా, లోపల రంగు చదునుగా, రవివర్మ పటాల్లాగా ఒకదానిమీద ఒకటి పది రంగులెక్కించి నునుపు చేసే పని కాదు.

సందేహాలరావు
మాస్టారూ లిథో అంటే అసలేంటి? రాయి అంటున్నారు, చెక్కుతారా?

నల్లసిరా
చెక్కరు రావుగారూ, అదే దాని అందం. సున్నపురాయి పలకని నున్నగా అరగదీసి, దానిమీద జిడ్డు ఉన్న చాక్‌తో బొమ్మ గీస్తారు. తర్వాత రసాయనం పట్టించి రాయిని తడుపుతారు, జిడ్డున్న చోట నీళ్లు నిలవవు, లేనిచోట నిలుస్తాయి. అప్పుడు నూనె సిరా రోలర్‌తో తిప్పితే గీతకే అంటుకుంటుంది, తడికి అంటుకోదు. కాయితం పరిచి ప్రెస్‌లో తోస్తే అచ్చు. నూనే నీళ్లూ కలవవు అన్న ఒక్క సంగతి మీద ఇంత వ్యాపారం నడిచింది, మన ఇళ్లల్లో రవివర్మ లక్ష్మీ సరస్వతీ పటాలన్నీ అలా వచ్చినవే, ఆయన 1894లో బొంబాయిలో పెట్టిన ప్రెస్‌లో. చిక్కల్లా బొమ్మ కుడి ఎడమలు మారి పడుతుంది, అక్షరాలు తిరగరాయాలి. అందుకని ట్రాన్స్‌ఫర్ పేపర్ మీద గీసి రాయికెక్కిస్తారు, అప్పుడు బొమ్మ తిన్నగానే వస్తుంది. కొకోష్కా ఆ పద్ధతి బాగా వాడాడు, ఆ పేపర్ చంకలో పెట్టుకుని ఎక్కడికైనా వెళ్లొచ్చు, రాయిని మోయక్కర్లేదు. చెక్కకి ఉలి, రాగికి సూది అడ్డం, దీంట్లో చెయ్యి ఎంత వేగంగా కదిలితే అంత వేగం అచ్చులో పడుతుంది. ఆయన లాంటి తొందర చేతికి ఇది సరిపోయింది.

కుంచె_కడప
మాస్టారు చెప్పినాక ఇంగ అనుమానమే లేదు. నేను ఫైన్ ఆర్ట్స్ చదివేటప్పుడు 1909 పోస్టర్ చూపించినారు, ఆయన రాసిన నాటకానిది, ‘హంతకుడు, ఆడవాళ్ల ఆశ’. తెల్లగా పాలిపోయిన ఆడమనిషి, ఒళ్లో ఒలిచినట్టు ఎర్రగా ఉండే మగమనిషి. మేరీ ఒళ్లో ఏసు ఉండే బొమ్మని అట్ల తిరగేసినాడు. రాత్రి నిద్రపోలేదు నేను. నాటకం వేసిన రోజు కూడా గలాటా అయిందంట.

పాలపిట్ట
అప్పటికే ఒక విమర్శకుడు ఆయనకి "పెద్ద అడివిమనిషి" అని పేరు పెట్టాడు, 1908 కున్‌స్ట్‌షావ్ ప్రదర్శన చూసి. ఆర్కిటెక్ట్ అడాల్ఫ్ లోస్ ఒక్కడే చెయ్యి పట్టుకున్నాడు. ఊళ్లో వాళ్లకి పోర్ట్రెయిట్ వేయించుకోమని చెప్పి, మీకు నచ్చకపోతే నేను కొంటానని మాటిచ్చేవాడు. చాలామందికి నచ్చలేదు, చాలా ఆయనే కొనుక్కోవాల్సి వచ్చింది!

అర్ధరాత్రి_డ్యూటీ
డాక్టర్‌ని కాబట్టి నాకు గుర్తుండిపోయింది ఒకటే, ఆగుస్ట్ ఫోరెల్ పోర్ట్రెయిట్. ఆయన స్విట్జర్లాండ్ సైకియాట్రిస్టు, చీమల మీద పెద్ద పరిశోధకుడు కూడా. 1910లో కొకోష్కా వేస్తే ఇంట్లోవాళ్లు ఇది మా మనిషిలా లేదు, పక్షవాతం వచ్చినవాడిలా ఉన్నాడని వద్దన్నారు. రెండేళ్లకి ఆయనకి నిజంగానే స్ట్రోక్ వచ్చి కుడిపక్క పడిపోయింది. ఇందులో మహిమ ఏం లేదని నా అభిప్రాయం. అరవై దాటిన మనిషిని గంటలకొద్దీ కదలకుండా చూస్తే, ఒక చెయ్యి ఎలా పెట్టుకున్నాడు, ఒక కన్ను ఎలా ఉంది అనేది కనిపించి ఉండొచ్చు. మేం ఓపీలో ఒక్కో పేషెంటుని ఐదు నిమిషాలు చూస్తాం, ఆయన అంతకంటే ఎక్కువసేపు చూశాడు, అంతే. ఆ బొమ్మ ఇప్పుడు జర్మనీలో మన్‌హైమ్‌లో ఉంది.

రైన్_ఒడ్డున
చేతులు! డాక్టర్‌గారు చెప్పారు చూడండి. ఆయన మనుషుల మొహాలకన్నా చేతులే ఎక్కువ మాట్లాడతాయి. టీట్సె దంపతులని 1909లో వేశాడు, న్యూయార్క్ మోమా మ్యూజియంలో ఉంది, ఇద్దరూ ఒకరినొకరు చూసుకోరు, చేతులు మాత్రం మధ్యలో తగలబోతూ తగలకుండా ఆగిపోతాయి. రంగు మీద గోళ్లతో గీరాడు కూడా.

సందేహాలరావు
నేను ఎక్కడో విన్నా, ఆర్ట్ కాలేజీలో కొకోష్కాకి సీటు రావడం వల్లే హిట్లర్‌కి రాలేదట, లేకపోతే రెండో ప్రపంచ యుద్ధమే జరిగేది కాదట, నిజమేనా

పాలపిట్ట
కాదండీ. హిట్లర్ పరీక్ష రాసింది వియన్నా ఫైన్ ఆర్ట్స్ అకాడమీకి, 1907లో ఒకసారి, 1908లో ఒకసారి. కొకోష్కా చదివింది వేరే చోట, అప్లైడ్ ఆర్ట్స్ స్కూల్లో, అదీ రెండుమూడేళ్ల ముందే చేరాడు. ఒకరి సీటు ఇంకొకరికి పోవడం అనేదే లేదు.

ఓరుగల్లు_పోరడు
అందరు మెచ్చుకుంటున్రు కాబట్టి నేనొక మాట అంట, కోపం తెచ్చుకోకుండ్రి. 1920 మార్చిల జర్మనీల సర్కారును కూలగొట్టనీకె కాప్ తిరుగుబాటు అయింది, డ్రెస్డెన్‌ల కార్మికుల మీద సైన్యం కాల్పులు జరిపింది, మస్తుమంది సచ్చిపోయిన్రు. ఒక తూటా పోయి జ్వింగర్ గ్యాలరీల రూబెన్స్ పెయింటింగ్‌కు తాకింది. అప్పుడు కొకోష్కా అక్కడ అకాడమీల ప్రొఫెసర్. పేపర్లకు బహిరంగ లేఖ రాసిండు, ఏమని? మీరు కొట్లాడుకునేదుంటే బొమ్మల దగ్గర కాదు, దూరంగ ఇంకెక్కడనన్న కొట్లాడుకోండ్రి అని. సచ్చిన మనుషుల కంటె చిరిగిన బొమ్మ ఎక్కువైందా? గ్రోస్, హార్ట్‌ఫీల్డ్ అని ఇద్దరు కళాకారులు కలిసి గట్టిగ జవాబిచ్చిన్రు, తూటాలు పేదోళ్ల ఇండ్లల్లకు కాకుండ గ్యాలరీలల్లకు పోతే మాకు సంతోషమే అన్నరు. నేను వాళ్ల దిక్కే. కళ ఎవని కోసం అనే లొల్లి మన దగ్గర కూడ డెబ్బై ఏండ్ల సంది నడుస్తనే ఉన్నది కద.

కుంచె_కడప
తమ్ముడూ నువ్వు చెప్పింది జరిగిందే, కాదనను. కానీ బొమ్మ పోతే మళ్లీ రాదు అని ఏడ్చేవాడు ఒకడన్నా ఉండాల కదా? మనుషులు చావొచ్చు అని యాడా రాయలే ఆయన.

ఓరుగల్లు_పోరడు
రాయలే, కని మనుషుల ఊసు కూడ తియ్యలే అన్నా. గదే నా బాధ.

నల్లసిరా
పోరడు అడిగింది న్యాయమైన ప్రశ్న, నేనూ ఆ లేఖని వెనకేసుకు రాను. అయితే ఆయన అప్పటికి ఎక్కణ్ణుంచి వచ్చాడో కూడా చూడాలి. 1914 చివర్లో అశ్విక దళంలో చేరడానికి గుర్రం కొనుక్కోవాలి, దాని డబ్బుకోసం ఈయన ఏం చేశాడంటే అమ్మాయి నిన్న చూసొచ్చిన ఆ ‘విండ్స్‌బ్రౌట్’నే హాంబర్గ్‌లో ఒక మందుల షాపాయనకి అమ్మేశాడు. 1915లో తూర్పు సరిహద్దులో తలకి తూటా తగిలింది, ఊపిరితిత్తిలో బాయినెట్ దిగింది. మళ్లీ 1916లో ఇటలీ సరిహద్దుకి వెళ్లి షెల్ పేలుడుకి దెబ్బతిని తిరిగొచ్చాడు. తుపాకీ చప్పుడు విన్నాక ఎవరి బుర్ర ఎలా పని చేస్తుందో మనకేం తెలుసు.

అర్ధరాత్రి_డ్యూటీ
తలకి తూటా, ఊపిరితిత్తిలో పోటు, యాంటీబయాటిక్స్ లేని రోజుల్లో. బతకడమే గొప్ప.

పాలపిట్ట
పోరడూ, నీకు ఇంకో రెండు సంగతులు. 1942-43లో లండన్‌లో సోవియట్ రాయబారి మైస్కీ పోర్ట్రెయిట్ వేశాడు, వచ్చిన వెయ్యి పౌండ్లూ స్టాలిన్‌గ్రాడ్ గాయపడ్డవాళ్లకి ఇచ్చేశాడు, రష్యన్లకీ జర్మన్లకీ ఇద్దరికీ వాడాలని చెప్పి మరీ. 1945 క్రిస్మస్‌కి సొంత డబ్బుతో ఐదు వేల పోస్టర్లు లిథో వేయించి లండన్ అండర్‌గ్రౌండ్ రైలు స్టేషన్లలో అతికించాడు. అందులో ఏసు శిలువ మీంచి కిందికి వంగి ఆకలితో ఉన్న పిల్లలకి తన చెయ్యి అందిస్తుంటాడు. ఆ క్రిస్మస్‌కి ఆకలికీ చలికీ చనిపోవాల్సిన యూరప్ పిల్లల జ్ఞాపకార్థం అని దానిమీద రాసి ఉంటుంది. కింద సంస్థ పేరూ లేదు, చందా అడగడమూ లేదు.

ఓరుగల్లు_పోరడు
ఇది నాకు ఎర్కలేదు అక్కా. స్టేషన్ గోడ మీద అతికించుడు, అది మంచిగున్నది. 1920 మాట మీద నా అభిప్రాయం మారదు, కని 1945 మనిషికి దండం పెడత.

నల్లసిరా
గ్యాలరీలో వేలాడేది ఒకటే కాపీ, గోడకి అతికించేది ఐదు వేలు. లిథో పుట్టిందే అందుకు.

రైన్_ఒడ్డున
మాస్టారూ మీరు చెప్పిన మందుల షాపాయన సంగతి విని ఆ బొమ్మ బాసెల్‌కి ఎలా వచ్చిందో వెతికాను. తర్వాత హాంబర్గ్ మ్యూజియంకి చేరింది. 1937లో నాజీలు "దిగజారిన కళ" అని జర్మనీ మ్యూజియంలన్నీ ఊడ్చేశారు కదా, ఒక్క కొకోష్కావే 417 పట్టుకుపోయారు. కొన్నిటిని డాలర్లకోసం బయటి దేశాలకి అమ్మకానికి పెట్టారు. 1939లో బాసెల్ మ్యూజియం డైరెక్టరు గెయోర్గ్ ష్మిట్ ఊరి ప్రభుత్వాన్ని అడిగి 50,000 ఫ్రాంకులు తెచ్చుకుని నాజీలు అమ్మకానికి పెట్టిన ఆ సరుకులోంచి 21 బొమ్మలు కొన్నాడు. అందులో ఇదొకటి. అంటే మా పాప నిన్న చూసింది అలా బయటపడ్డ బొమ్మ. ఆ డబ్బు నాజీలకే వెళ్లిందన్నదీ నిజమే, కొనకపోతే ఏమయ్యేదో అన్నదీ నిజమే, నాకు రెండూ మనసులో తిరుగుతూనే ఉన్నాయి.

పాలపిట్ట
డ్రెస్డెన్‌లో ఆయన హాన్స్ పోసె అనే మ్యూజియం డైరెక్టరు ఇంట్లో అద్దెకుండేవాడు, ఆ బొచ్చు బొమ్మ వచ్చింది కూడా ఆ ఇంటికే. అదే పోసె 1939లో హిట్లర్‌కి లింజ్ మ్యూజియం కోసం బొమ్మలు పోగుచేసే మనిషయ్యాడు. కొకోష్కా అప్పటికి దేశం వదిలేశాడు. 1934లో ప్రాగ్, అక్కడ ఓల్డా పరిచయం, 1938లో ఇద్దరూ విమానమెక్కి లండన్. 1941లో పెళ్లి చేసుకుంది బాంబుల షెల్టర్‌లో నడుస్తున్న రిజిస్ట్రార్ ఆఫీసులో. ఓల్డా ఆయన పోయేదాకా పక్కనే ఉంది, తర్వాత ఆయన పనంతా కాపాడింది. నలభైఏళ్ల పైన తోడున్న ఆవిడ గురించి ఎవరూ ఒక్క వీడియో చెయ్యరు, మూడేళ్లే ఉన్న ఆల్మా గురించి మాత్రం వంద.

కుంచె_కడప
ఇది గట్టి మాట అక్కా.

సందేహాలరావు
1937లో వాళ్లు దిగజారినవాడు అన్నందుకు ఈయన ఏమన్నాడు?

రైన్_ఒడ్డున
బొమ్మేశాడు రావుగారూ. ‘దిగజారిన కళాకారుడి స్వీయచిత్రం’ అని తనకి తనే పేరు పెట్టుకున్నాడు. చేతులు కట్టుకుని సూటిగా మనవైపే చూస్తుంటాడు. ఎడిన్‌బరోలో ఉంది, ఎప్పటికైనా చూడాలి.

కుంచె_కడప
నాదొక అసమ్మతి కూడా ఉంది, చెప్పనీండి. 1920ల తర్వాత ఆయన వేసిన ఊళ్ల బొమ్మలు, పెద్ద పెద్ద నదులు వంతెనలు ఎత్తు మీంచి చూసేవి, నాకు ఆ తొలినాళ్ల పోర్ట్రెయిట్ల దెబ్బ తగల్లేదు. ఆ కాలం వియన్నా చిత్రకారుడే షీలె, 28 ఏళ్లకే పోయినాడు, ప్రతి గీతా కత్తిలాగుండాది. ఈయన ఎక్కువ బతికి మెత్తబడినాడేమో అనిపిస్తాది.

నల్లసిరా
మెత్తబడలేదు నాయనా. డెబ్బై దాటాక 1963లో షేక్‌స్పియర్ ముసలిరాజు నాటకం ‘కింగ్ లియర్’కి వేసిన లిథోలు చూడు. గడ్డం, గాలి, ముసలి చేతులు, చాక్ చెదిరిపోతుంటుంది, ఒక్క గీత చెరపడానికి కుదరదు. యువకుడు వెయ్యగలిగిన లియర్ కాదది. 1914లో బాఖ్ సంగీతానికి 11 లిథోలు వేశాడు, భయానికీ ఆశకీ మధ్య సంభాషణ అది, అందులో తన మొహం, ఆల్మా మొహం పెట్టి తనని సమాధిలో కూర్చోబెట్టుకున్నాడు. ఈ రెండూ పక్కపక్కన పెట్టు, యాభైఏళ్ల తేడాలో చెయ్యి ఎంత వదులైందో, ఎంత ధైర్యం వచ్చిందో తెలుస్తుంది.

కుంచె_కడప
లియర్ నేను చూడలే మాస్టారూ. చూసి చెప్తా. ఊళ్ల బొమ్మల మీద మాత్రం తగ్గను 🙂

ఓరుగల్లు_పోరడు
ఏంజెలా మెర్కెల్ ఆఫీసుల ఆమె ఎన్క గోడకు ఒక బొమ్మ ఉంటుండె, పాత జర్మనీ ఛాన్సలర్ అడెనావర్‌ది, అది కూడ ఈయనదే అంట, 1966ల ఏసిండు. న్యూస్‌ల వందసార్లు చూసిన, ఎవరిదో తెల్వకుండనే.

పాలపిట్ట
అగథా క్రిస్టీని కూడా వేశాడు, 1969లో.

అర్ధరాత్రి_డ్యూటీ
సాల్జ్‌బర్గ్ గురించి ఎవరూ చెప్పలేదు. 1953 నుంచి పదేళ్లపాటు ప్రతి వేసవిలో అక్కడి కోటలో క్లాసు నడిపాడు, దానిపేరు ‘చూపు బడి’. బొమ్మలేయడం వచ్చా రాదా అన్నది లెక్క కాదు. మోడల్ కదులుతూ ఉంటుంది, విద్యార్థులు వాటర్ కలర్‌తో, పెన్సిల్ గీత కూడా లేకుండా, కొద్ది నిమిషాల్లో వేసెయ్యాలి. గీయడం కాదు చూడటం నేర్పుతానన్నది ఆయన పట్టుదల. నాకు మెడికల్ కాలేజీలో ఇలాంటి క్లాసు ఒకటి ఉండి ఉంటే బాగుండేది అనిపిస్తుంది, నిజంగా.

సందేహాలరావు
నాకు బొమ్మలు రావు. అయినా చెయ్యొచ్చా?

నల్లసిరా
రానివాళ్లకే పెట్టాడు బడి. ఎదురుగా ఎవరుంటే వాళ్లని వెయ్యండి, కదలొద్దని మాత్రం చెప్పకండి. పావుగంటలో ఆపెయ్యాలి.

రైన్_ఒడ్డున
వచ్చే శనివారం వెవే వెళ్తున్నాం. కొకోష్కా ఫౌండేషన్ అక్కడి జెనిష్ మ్యూజియంలో ఉంది, ఓల్డా ఇచ్చినవి. 1953 నుంచి పోయేదాకా ఆయన ఉన్న విల్‌నవ్ పక్కనే, 1980 ఫిబ్రవరిలో మోంత్రోలో పోయాడు, సమాధి క్లారెన్స్‌లో. కాయితం మీద పనులు అస్తమానం గోడమీద ఉంచరు, వెలుతురుకి పాడవుతాయని, కాబట్టి లిథోలు ఏం చూపిస్తారో వెళ్తేగానీ తెలీదు. మాస్టారూ, చూడటానికి కుదిరితే ఏం గమనించమంటారు?

నల్లసిరా
కాయితానికి మొహం దగ్గరగా పెట్టి చాక్ గీత అంచు చూడు అమ్మాయ్. గింజగింజగా ఉంటుంది. అచ్చు కాయితం చివర దాకా పోయిందా, అంచు వదిలారా, కింద పెన్సిల్‌తో సంతకం ఉందా. పాపకి కూడా చూపించు.

రైన్_ఒడ్డున
తప్పకుండా. మా పాప అప్పుడే అడుగుతోంది, ఆయనకి తర్వాత నిద్ర పట్టిందా అని.

సందేహాలరావు
ఇవాళ పొద్దున వేశాను. మా అమ్మ చింతపండులో గింజలు తీస్తోంది, కదలొద్దని చెప్పలేదు, చెప్పినా వినదు. పావుగంట. మొహం అసలు రాలేదు, ఎవరో మగమనిషిలా వచ్చింది. కుడిచెయ్యి మాత్రం, బొటనవేలు పక్కకి వంగి ఉంటుంది ఆవిడకి, నలభైఏడేళ్లలో నేను ఎప్పుడూ చూడలేదు ఆ వంపు. అడిగితే చిన్నప్పుడు రోకలి పడింది అంది.

ఓరుగల్లు_పోరడు
ఫొటో పెట్టుండ్రి రావుగారు

నల్లసిరా
పెట్టండి. చెయ్యి ఒక్కటే చాలు.